మార్పు లేదని నేను రాసిన ఫైలు

నేను రిటైరై ఏడాది దాటింది. ఇప్పుడు నన్నెవరూ మేడం అనరు. కూరగాయల బండి అతను కూడా ఆంటీ అంటాడు, అదీ బాగానే ఉంది. ఈమధ్య మా పక్క వాటాలో ఉండే అమ్మాయికి విరాళాలు సేకరించే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. "ఆంటీ, మీరూ అదే లైన్‌లో చేశారట కదా, ఏమైనా టిప్స్ చెప్పండి" అని వచ్చి కూర్చుంది. టిప్స్ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. పప్పులో ఉప్పెక్కువైతే ఏం చెయ్యాలో చెప్తాను గానీ, ఈ పనికి టిప్స్ ఏంటి? కాఫీ ఇచ్చి పంపేశాను. ఆ పిల్లకు నోటితో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. నా గొప్పలు చదవాలనుకున్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, ఇందులో అవేమీ లేవు. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి ఎవరి పేరూ రాయను.

పంజగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను. ఆసుపత్రి కాగితం ఏది చేతిలో పెట్టినా, ఏది అసలు, ఏది అతుకు అన్నది నిమిషంలో చెప్పేదాన్ని. ఆ విద్య చూసే చివరి ఏడేళ్ళు అమీర్‌పేటలో ఒక కంపెనీ నన్ను తీసుకుంది. జబ్బు చేసిన పిల్లల వైద్యానికి ఆన్‌లైన్‌లో విరాళాలు అడిగిపెట్టే కంపెనీ అది. మైత్రీవనం వెనక సందులో, నాలుగో అంతస్తు. కింది మూడంతస్తులూ కోచింగ్ సెంటర్లే. లిఫ్టులో పిల్లల పుస్తకాల సంచులు వీపుకి గుచ్చుకుంటుంటే, ఆ కోర్సు చేస్తే ఎంత జీతం, ఈ కోర్సు చేస్తే ఎంత అన్న లెక్కలు వింటూ పైకి చేరేదాన్ని.

పని ఇలా జరిగేది. డాక్టరు ఇచ్చిన ఖర్చు అంచనా కాగితంతో తల్లిదండ్రులు మా దగ్గరికి వస్తారు. మేము పాపనో బాబునో, ఏడుస్తున్న తల్లినో వీడియో తీస్తాం. అది అందరి ఫోన్లలో ప్రకటనగా తిరుగుతుంది. చూసినవాళ్ళు తోచింది ఇస్తారు. వచ్చిన డబ్బు తిన్నగా ఆసుపత్రికే వెళ్తుంది, అందులో కంపెనీ తన వాటా పట్టుకుంటుంది. కాగితాలు నిజమైనవేనా, పిల్ల నిజంగా ఆ మంచం మీదే ఉందా అని చూసే పని నాది. వెరిఫికేషన్ ఆఫీసర్ అని మెడలో కార్డు వేశారు. ఆ కార్డు చూసుకుని నేను కొంచెం మురిసిపోయిన మాట కూడా నిజమే.

చేరిన కొత్తల్లో ఒక లాయరుగారొచ్చి రెండు గంటలు క్లాసు తీసుకున్నారు. "మీ పనికంటూ విడిగా ఒక చట్టం లేదమ్మా, మోసం సెక్షనే దిక్కు" అన్నారాయన. ఆ సెక్షను నంబరు తర్వాత కొత్త చట్టంలో మారింది, అర్థం మాత్రం మారలేదు. "దానం అడగడం నేరం కాదు. అబద్ధం చెప్పి అడగడం నేరం. నిజం చెప్పే మొదలుపెట్టారనుకోండి, ఆ నిజం మారిపోయిందని తెలిసీ అడుగుతూనే ఉంటే అదీ నేరమే" అని చెప్పారు. ఫోన్లు చేసే అమ్మాయిలు ఆవలిస్తున్నారు. నేనొక్కదాన్నే బుద్ధిమంతురాల్లా నోట్సు రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన బుర్రకెక్కినట్టు కాదని ఆరేళ్ళకు గానీ తెలియలేదు.

ఇప్పుడు మా ఫారం సంగతి చెప్పాలి. ప్రకటన నడుస్తున్నన్నాళ్ళూ, పదిహేను రోజులకోసారి ఆ కుటుంబానికి నేను ఫోన్ చేసి పిల్లల పరిస్థితి కనుక్కోవాలి. కంప్యూటర్లో రెండే గళ్ళుంటాయి. మార్పు ఉంది, మార్పు లేదు. ఫోన్ ఎత్తకపోతే ఏం పెట్టాలి? మూడో గడి లేదు. మొదట్లో ఒకసారి అడిగాను, "చూద్దాం మేడం" అన్నారు, నేనూ ఊరుకున్నాను. ఏదో ఒకటి నొక్కకపోతే ఆ తెర మూసుకోదు, తరవాతి ఫైలు తెరుచుకోదు. అందుకని ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే మార్పు లేదు అని టిక్కు పెట్టేదాన్ని. నాకు ముందు ఆ సీట్లో ఉన్నావిడా అంతే చేసేదట, ఆవిడే నాకు నేర్పింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు ఫోన్ ఎక్కడ ఎత్తుతారులే అని సర్దిచెప్పుకునేదాన్ని. ఆరేళ్ళలో అలా ఎన్ని టిక్కులు పెట్టానో నాకే తెలియదు.

అలా మా దగ్గరికొచ్చిన ఒక తల్లి కృష్ణానగర్‌లో ఉండేది. సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీనులో వెనక వరసలో అక్షింతలు వేసే మనిషి, బస్టాండు సీనులో సంచి పట్టుకుని నడిచే మనిషి. భర్త ఎప్పుడో వదిలేసి పోయాడు. తొమ్మిదేళ్ళ కూతురికి రక్తానికి సంబంధించిన జబ్బు. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. పాప నా కుర్చీలో కూర్చుని గుండ్రంగా తిప్పమని అడిగింది. తిప్పాను. ఇంకా గట్టిగా అంది.

వీడియో రోజున ఆవిడకు ఏడుపు రాలేదు. తెల్లటి కర్టెను ముందు పాపను ఒళ్ళో పెట్టుకుని, చెప్పమన్నదంతా శుభ్రంగా చెప్పింది, కన్ను మాత్రం తడవలేదు. మా మేనేజరు మెత్తని మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, మా కోస్తావైపే. "అమ్మా, మీరు నటులు కదండీ, మీకు నేను చెప్పాలా?" అన్నాడు.

"షూటింగ్‌ల ఏడువుమంటే ఏడుస్త సార్. బిడ్డ ముందట ఏడవనని ఒట్టు పెట్టుకున్న" అంది ఆవిడ.

పాపను బయటికి తీసుకెళ్ళమని నాకు సైగ చేశాడు. తీసుకెళ్ళాను. తలుపు సందులోంచి అతని మాటలు వినపడుతూనే ఉన్నాయి. పాప లేకపోతే మీ ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోమంటున్నాడు. అయిదు నిమిషాల్లో కావలసిన ఏడుపు వచ్చింది. ఒక్క టేకులో అయిపోయింది. నేను బయట పాపకు బిస్కెట్టు పొట్లం విప్పి ఇస్తూ నిలబడ్డాను. లోపలికెళ్ళి ఇదేం పద్ధతని అడగాలన్న ఆలోచనైనా నాకు రాలేదు. ఇదీ మీకు చెప్పి తీరాలి.

ఆ వీడియో విపరీతంగా నడిచింది. వైద్యం మొదలైంది. మొదటి నెలలో ఆవిడే ఫోన్ చేసి, "జర మంచిగనే ఉంది మేడం, నవ్వుతున్నది" అని చెప్పేది. తర్వాత తర్వాత ఎత్తడం మానేసింది. నేను టిక్కులు పెడుతూ పోయాను.

ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు ఆవిడ మా ఆఫీసుకొచ్చింది. లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వచ్చినట్టుంది, రొప్పుతోంది. నేను లేచి, "రామ్మా, పాప ఎలా ఉంది?" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మీకు తెల్వదా మేడం?" అంది.

ఏమిటన్నట్టు చూశాను.

"పోయింది మేడం. నలభై మూడు రోజులాయె. డాక్టర్లు ఇంక ఏం లేదన్నరు. ఇంట్ల ఉంటనన్నది, ఇంటికి తీస్కపోయిన. ఇంట్లనే పోయింది."

కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. నలభై మూడు రోజులు. పదిహేను రోజులకొకటి చొప్పున ఆ మధ్యలో నేను పెట్టిన టిక్కులు మూడు. మార్పు లేదు, మార్పు లేదు, మార్పు లేదు.

"నేను ఫోన్ చేశానమ్మా" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"చేసినట్టున్నరు. ఫోన్ మోగితె భయమయ్యేది మేడం, ఆస్పత్రోళ్ళేమో అని. బంద్ చేసి పెట్టెల ఏసిన." ఆవిడ సంచిలోంచి ఎవరిదో ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో ఆ వీడియో ఆడుతోంది. కింద ఎర్ర అక్షరాల్లో, ఈ పాపకు మిగిలింది నలభై ఎనిమిది గంటలే అని ఉంది. "గిది ఇంక వస్తనే ఉంది. మా గల్లీల అందరి ఫోన్లల్ల వస్తున్నది. బిడ్డను మట్టిల పెట్టి రెండు నెలలు గాలె, దాని పేరు మీద ఇంక అడుక్కుంటున్నది అంటున్రు. మా చర్చిల సుత నాతోని ఎవ్వరు మాట్లాడుతలేరు. పాస్టరమ్మ ఇంటికొచ్చి అడిగింది, ఎంత వచ్చిందమ్మా అని. ఇంటి ఓనర్ ఖాళీ చెయ్యుమన్నడు. ఏడిచింది నిజంగనే ఏడిచినవా, యాక్టింగా అని అడిగిన్రు మేడం నన్ను."

ఆవిడ అడిగినవి రెండే. ఆ బొమ్మ తీసెయ్యాలి. తనకు అందులో ఒక్క రూపాయి చేతికి రాలేదని, ఇప్పుడు అడుగుతున్నది తాను కాదని ఒక కాగితం రాసివ్వాలి. "ఆదివారం చర్చిల చదివిపిస్త. గంతే చాలు నాకు" అంది. నష్టపరిహారం అనలేదు, కేసు అనలేదు. తన బిడ్డను అమ్ముకోలేదని నలుగురికీ తెలిస్తే చాలు ఆవిడకి.

ప్రకటనను నిలిపే మీట నా దగ్గర ఉంది. వెంటనే నొక్కాను. ఆవిడకు నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, కాగితం టైపు చేయడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలయ్యాక ఎందుకో నా ఫోన్లో చూస్తే వీడియో మళ్ళీ నడుస్తోంది. ఎవరో తిరిగి వదిలారు. అలా వదలగలిగేది ఒక్క మనిషే.

మేనేజరు గదిలోకి వెళ్ళాను. తలుపు కూడా తట్టలేదు.

"ఏంటండీ మేడం, ఆ ఫైలు ఆపారట?"

"పాప చనిపోయిందండీ."

"అయ్యయ్యో" అన్నాడు. నిజంగానే మొహం చిన్నబోయింది. "కాగితం ఏమన్నా వచ్చిందా?"

"తల్లి వచ్చి బయట కూర్చుంది. ఇంకా కాగితం ఏంటి?"

"తల్లి మాట మీద ఫైలు మూయలేం కదండీ. మరణ ధ్రువపత్రం రావాలి. ఆసుపత్రి కాగితంలో ఇంటికి తీసుకెళ్ళారనే ఉంది. ప్రస్తుతానికి మన దగ్గరున్నది మీ రిపోర్టు. మార్పు లేదని." కంప్యూటరు తెర నావైపు తిప్పి చూపించాడు. "మూడు సార్లు పెట్టారు."

అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీరు పెద్దవారు, నేను చెప్పేది కాస్త వినండి. నెలాఖరు దాకా ఉంచుదాం. మన దగ్గర బాగా నడుస్తున్న వీడియో అదొక్కటే. దాని మీద వచ్చేది ఇంకో ఇద్దరు పిల్లలకు సర్దుతున్నాం. ఆ ఇద్దరి వీడియోలు ఎవరూ చూడటం లేదు. ఇచ్చినవాళ్ళు పిల్లల కోసమే ఇచ్చారు, పిల్లలకే పోతోంది. మీరే చెప్పండి, ఇందులో ఎవరికి నష్టం?"

ఎంత మెత్తగా అడిగాడంటే, ఒక్క క్షణం నాకు జవాబు తట్టలేదు. ఆ ఒక్క క్షణం తలచుకుని ఇప్పటికీ సిగ్గుపడతాను. తర్వాత గది అద్దంలోంచి బయట ఆవిడ కనిపించింది. గోడ మీద మేము అంటించుకున్న పిల్లల నవ్వు మొహాల కింద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఫోటోల్లో ఆవిడ కూతురిదీ ఉంది. ఆవిడ దాన్నే చూస్తోంది.

"నష్టం ఎవరికో బయటే కూర్చుంది, వెళ్ళి చూడండి" అని వచ్చేశాను.

కాగితం తీసుకుందామని నా సీటు దగ్గరికి వస్తే, నా కంప్యూటరు అప్పటికే నా పాస్‌వర్డు తీసుకోవడం లేదు. పక్క గదిలో వీడియోలు కత్తిరించి అతికించే అతను నన్ను లోపలికి పిలిచాడు. ముప్పై ఐదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, వాళ్ళదీ కృష్ణానగరే. తలుపు వేసి తల వంచుకుని నిలబడ్డాడు.

"పాప మట్టికి నేను పోయిన మేడం" అన్నాడు. "మా పక్క గల్లీనే. గా దినమే సార్‌కు మెసేజ్ పెట్టిన, పాప పోయింది, వీడియో తీసేద్దమా అని. వెరిఫికేషన్ రిపోర్ట్ వచ్చినంక చూద్దం అన్నడు. మీ రిపోర్ట్ వచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?" అన్నాను.

"మీకు తెలుసనుకున్న మేడం. తెలిసే పెట్టిన్రు అనుకున్న. ఆఫీస్‌ల అందరం గట్లనే అనుకున్నం."

నలభై మూడు రోజులుగా నాతో కలిసి టిఫిన్ డబ్బాలు పంచుకున్నవాళ్ళందరూ, నేను చచ్చిపోయిన పిల్ల పేరు మీద తెలిసే టిక్కు పెడుతున్నానని అనుకుంటూ, నా పచ్చడి తింటూ, నాతో జోకులేస్తూ ఉన్నారు. మేడం పెట్టిందంటే ఏదో పద్ధతి ఉండే ఉంటుందని సరిపెట్టుకున్నారు. నన్ను దొంగ అనుకున్నా కొంత నయంగా ఉండేది. వాళ్ళు నన్ను మంచిదాన్ని అనుకుంటూనే అది కూడా అనుకున్నారు. ఆ రోజు నాకు తగిలిన దెబ్బల్లో ఇదే గట్టిది. అతను ఆ మెసేజ్ నా ఫోనుకు పంపించాడు. పంపితే ఉద్యోగం పోతుందని అతనికీ తెలుసు పాపం.

ఆ మధ్యాహ్నమే ఆవిడను తీసుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళాను. ఎస్సై మర్యాదస్తుడే. అంతా విని, పెన్ను బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాడు.

"అంతా సమజైంది మేడం. కానీ పైసలు ఎవరివి పోయినయి? ఈమెవి పోలే. ఇచ్చినోళ్ళెవరన్న వచ్చిన్రా, మేం మోసపోయినమని?"

రాలేదు. ఎలా వస్తారు? వాళ్ళకు పాప పోయిన సంగతే తెలియదు. వాళ్ళెవరో మాకు తెలియదు, ఇచ్చినవాళ్ళ పేర్లు, నంబర్లు మా కంప్యూటర్లలో కనపడవు. నేరం సంగతి ఎవరొచ్చి చెప్పినా స్టేషన్లో తీసుకోవాలని తర్వాత లాయరుగారు చెప్పారు గానీ, ఆ పూట నాకంత తెలివి లేదు. "మోసపోయిన మనిషి కావాలె మేడం. ఒక్కరు దొరికినా చాలు, పట్టుకరండి, నేను చూస్కుంట" అన్నాడు ఎస్సై. లేచి వస్తుంటే మెల్లగా నన్నొక్కదాన్నే ఆపాడు. "ఆమెకు కాగితం రాసిస్త అంటున్నరు కద. జర ఆలోచించుకోండి. గా టిక్కులు మీవే. కాగితం రాసిస్తే రేపు అది మీ మెడకే చుట్టుకుంటది."

ఇంటికి వచ్చి మావారికి చెప్పాను. రిటైర్మెంటుకు ఇంకా మూడు నెలలుంది. ఆయన అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "రాస్తే మొత్తం రాయి. సగం రాసి ఆ అమ్మాయిని ఇంకా ఇబ్బంది పెట్టకు" అన్నారు. మామూలుగా నేను కూర బాగుందా అని అడిగితే ఆయన ఒక్క మాట కూడా తిన్నగా చెప్పరు. ఆ రోజు మాత్రం చెప్పారు.

కంపెనీ కాగితం లేదు కాబట్టి తెల్లకాగితం మీద చేత్తో రాశాను. వైద్యం నడిచినన్నాళ్ళూ వచ్చిన డబ్బు, కంపెనీ వాటా పోను, తిన్నగా ఆసుపత్రికే వెళ్ళిందని, తల్లి చేతికి ఒక్క రూపాయి రాలేదని. పాప పోయిన తర్వాత నడిచిన ప్రకటనతో ఆవిడకు ఏ సంబంధమూ లేదని. పాప బతికుందో లేదో కనుక్కోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, మూడుసార్లు మార్పు లేదని పెట్టింది నేనేనని. కంపెనీకి ఆ సంగతి మొదటి రోజే తెలుసని, అయినా ఆపలేదని. కింద సంతకం పెట్టి, ఇంటి చిరునామా రాశాను. మర్నాడు ఆఫీసుకు వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా కార్డు అడిగి తీసుకున్నాడు. సారీ మేడం అని కూడా అన్నాడు.

ఆదివారం వాళ్ళ చర్చికి వెళ్ళాను. రేకుల కప్పు హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, పైన గిర్రున తిరిగే ఫ్యాన్లు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు ఆవిడను ముందుకు పిలిచి, నా కాగితం చదివారు. మూడుసార్లు అన్న చోట ఆయన ఆగారు. కాగితం దించి ఒకసారి హాలు వైపు చూసి, మళ్ళీ చదివారు. నాకు ముందు కూర్చున్నావిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటికెళ్ళి ఎంత వచ్చిందని అడిగిన పాస్టరమ్మ లేచి వెళ్ళి ఆవిడను కౌగిలించుకుంది. ఆవిడ చేతులు మాత్రం కిందికే వేలాడుతున్నాయి, తిరిగి పట్టుకోలేదు.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఒక పెద్దాయన లేచాడు. ఎర్రమంజిల్‌లో ఏదో ఆఫీసుకు వాచ్‌మన్ అట. యూనిఫాం చొక్కా మీదే వచ్చినట్టున్నాడు.

"నేను పైసలు ఏసిన" అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగారు.

"బిడ్డ పెట్టె మోసినోళ్ళల్ల నేనొకణ్ణి. వారం దినాల తర్వాత ఫోన్ల బొమ్మ వచ్చింది. అందరు తిట్టిన్రు. నాకేమనిపించిందంటే, ఆస్పత్రి బాకీ ఇంక ఉన్నట్టుంది, నోరు తెరిచి అడగలేక గిట్ల అడుగుతున్నదేమో అని. రెండుసార్లు ఏసిన. తెలిస్తే సిగ్గుపడ్తదని పేరు రాయలే." ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "నీకు ముట్టలేదా బిడ్డా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పాప పోయినప్పటి నుంచీ నా ముందు ఒక్క చుక్క రాల్చని మనిషి, అప్పుడు కూలబడి ఏడ్చింది. ఏ కెమెరా ముందూ అలా ఏడవలేదు. ఎవరికి నష్టం అని మా మేనేజరు అడిగాడే, ఆ పెద్దాయన్ని అతనికి చూపించాలనిపించింది నాకు. చచ్చిపోయిన పిల్లను మోసిన భుజంతోనే వెళ్ళి డబ్బు వేశాడు. అదీ మేము తిన్నాం.

సోమవారం ముగ్గురం స్టేషనుకు వెళ్ళాం. ఎస్సై పెద్దాయన చెప్పింది విని నుదురు చిట్లించాడు.

"బిడ్డ లేదని నీకు తెలుసు కద పెద్దాయనా. తెలిసే ఇచ్చినవ్. మరి మోసం ఎట్లయితది?"

దొరికిన ఒక్క మనిషీ చేజారిపోతున్నాడనుకున్నాను. పెద్దాయన మాత్రం తొణకలేదు.

"తల్లి అడుగుతున్నదనుకున్న సార్. తల్లికి పోతదనుకుని ఇచ్చిన. ఆమె అడగలే. ఆమె మొఖం పెట్టుకుని ఇంకెవరో అడిగిన్రు."

ఎస్సై కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. లాయరుగారు రెండు గంటల క్లాసులో చెప్పినదంతా ఆ వాచ్‌మన్ నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. డబ్బు కట్టిన రుజువు ఏదైనా ఉందా అని అడిగితే, పెద్దాయన ఫోన్ తీసి ఒక మెసేజ్ చూపించాడు. చెరపకుండా దాచుకున్నాడట. ఎస్సై పైకి చదివాడు.

"థాంక్యూ అంకుల్. మీరిచ్చిన ఊపిరితో నేను మళ్ళీ బడికి వెళ్తాను. పెద్దయ్యాక మిమ్మల్ని కలుస్తాను."

కింద పాప పేరు. తేదీ చూస్తే మట్టి చేసిన పన్నెండో రోజు. ఎస్సై ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, "ఇవి ఎవరు రాస్తరు?" అన్నాడు. కంప్యూటరే పంపిస్తుంది, డబ్బు పడగానే కింద పిల్లల పేరు మార్చుకుని తనంతట తానే పోతుంది. కానీ ఆ మాటలు ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా.

"నేనే రాశాను సార్" అన్నాను. చేరిన ఏడాది, తెలుగు బాగా వచ్చినవాళ్ళు ఎవరంటే చెయ్యెత్తాను. పిల్లలే చెప్పినట్టు ఉండాలని అడిగితే అలా రాశాను. చదివి అందరూ మెచ్చుకున్నారు కూడా.

నిందితుల పేర్లు చెప్పమన్నాడు. కంపెనీ పేరు చెప్పాను. మేనేజరు పేరు చెప్పాను. తర్వాత నా పేరు మొదలుపెట్టబోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ అమ్మ పేరు వద్దు సార్. గీమెనే కద మమ్ముల్ని తోలుకొచ్చింది. నిజం చెప్పింది ఆమె ఒక్కతే."

ఎస్సై పెన్ను ఎత్తిపట్టుకుని ఆగాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అక్కడ ఆశ పుట్టింది. పెద్దాయన అన్నాడు కదా, ఎస్సై కూడా సందేహిస్తున్నాడు కదా, వదిలేస్తే బాగుండునని నా లోపల ఒక ప్రాణం గింజుకుంది.

బెంచీ చివర కూర్చున్న తల్లి అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

"రాయండి సార్" అంది. గొంతులో కోపం లేదు. "మూడుసార్లు పెట్టింది."

రాశాడు. ఇంటిపేరుతో సహా అడిగి, అక్షరం అక్షరం రాసుకున్నాడు. నేను ఎక్కడ నిలబడాలో తెలియక గోడ దగ్గరే నిలబడిపోయాను. అప్పుడు ఆవిడ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది.

"కూసోండి మేడం" అంది. "ఇంక మస్తు టైం పట్టేటట్టున్నది."

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.